ఉప్పు, నూనె, కొర్రలు: వంటింటి సందేహాలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో నూనె గురించి అడిగినవే ఎక్కువ. అందుకే మొదటి జవాబు పొడుగైంది.

ప్రశ్న: మేం నలుగురం. నెలకు ఐదు లీటర్ల నూనె అయిపోతోంది. మావారికి కొలెస్ట్రాల్ ఎక్కువుందని నూనె తగ్గించమన్నారు. తగ్గిస్తే వేపుడు అడుగంటుతోంది, లేకపోతే ముద్దయిపోతోంది. పిల్లలు కంచం ముట్టుకోవడం లేదు. ఏం చేయాలి?
— గృహిణి, తెనాలి

జవాబు: ముందు లెక్క చూద్దాం. ఐదు లీటర్లను నలుగురికి, ముప్ఫై రోజులకు పంచితే మనిషికి రోజుకు సుమారు 42 మిల్లీలీటర్లు. అంటే ఎనిమిది టీస్పూన్ల పైమాటే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లో, రోజుకు 2,000 కిలోక్యాలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు లెక్క కట్టింది. అది దాదాపు ఆరు టీస్పూన్లు. ముద్దపప్పులో వేసుకునే నెయ్యి, సాయంత్రం బండి దగ్గర తిన్న మిరపకాయ బజ్జీ కూడా ఈ ఆరింటిలోకే వస్తాయి.

చాలా ఇళ్లలో నూనె వేపుడులో కంటే పోపుల్లోనే ఎక్కువ పోతుంది. పప్పుకో పోపు, చారుకో పోపు, పచ్చడికో పోపు. సీసా వంచి చూపుతో పోసిన ప్రతిసారీ రెండు మూడు టీస్పూన్లకు తక్కువ పడదు. పోపుకు ఒక్క టీస్పూన్ చాలు, కాకపోతే పోపు గరిటెలో వేయాలి. పెద్ద బాణలిలో అంత కొంచెం నూనె పలచగా పరుచుకుని, ఆవాలు చిటపటలాడే లోపే మెంతులు మాడిపోతాయి. చిన్న గరిటెలో అదే నూనెలో ఆవాలు మునిగి ఉంటాయి. ఆదివారంనాడు 800 మిల్లీలీటర్లు వేరే సీసాలో పోసుకుని, కొలతకు దాని పక్కన ఒక చెంచా పెట్టుకోండి. నలుగురికి వారానికి ఆ సీసాయే. గురువారానికే ఖాళీ అయితే ఏ రోజు ఏం వండారో మీకే గుర్తొస్తుంది.

ఇక వేపుడు. ఉదాహరణకు దొండకాయ తీసుకుందాం. అర కిలో కాయల్ని కడిగి, తుడిచి, నిలువుగా నాలుగు చీలికలు చేయండి. వెడల్పాటి ఇనప మూకుట్లో ముక్కలు, చిటికెడు పసుపు, నాలుగు టేబుల్‌స్పూన్ల నీళ్లు వేసి మూతపెట్టి మధ్యస్థపు మంట మీద ఏడెనిమిది నిమిషాలు మగ్గనివ్వండి. ముక్క గోటికి దిగాలి కానీ నలగకూడదు. మూత తీసి, నీరంతా ఇగిరిపోయాక, మూకుడు బాగా వేడెక్కినప్పుడు మూడు టీస్పూన్ల నూనె అంచుల వెంబడి పోయండి. అప్పట్నుంచి రెండేసి నిమిషాలకు ఒకసారి మాత్రమే అట్లకాడతో తిరగేయండి. పది నిమిషాల్లో ఎర్రగా వేగుతాయి. ఉప్పు చివరి రెండు నిమిషాల్లో వేయండి, కారం పొయ్యి కట్టేశాక.

ముద్దవడానికి కారణాలు మూడు. ఉప్పు ముందే వేస్తే ముక్క నీరు వదులుతుంది, వేగాల్సింది ఉడుకుతుంది. ఆ తడి చూసి కంగారుపడి ఇంకో గరిటె నూనె పోస్తాం, కానీ తడి నూనెతో పోదు, వేడితోనే పోతుంది. రెండోది, చిన్న మూకుట్లో ముక్కలు ఒకదానిమీద ఒకటి పడితే కింది ముక్కల ఆవిరి పైవాటిని మెత్తబరుస్తుంది. మూడోది, ఊరికే కలుపుతూ ఉండటం. ముక్క ఒక చోట కాసేపు కదలకుండా ఉంటేనే రంగొస్తుంది.

బెండకాయకు పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. నీళ్లూ వద్దు, మూతా వద్దు. కాయను తుడిచి కోసి, అరగంట ఫ్యాను కింద ఆరబెట్టి వేయించండి. తడి తగిలితేనే జిగురు సాగుతుంది. వంకాయ స్పాంజిలాంటిది, ఎంత నూనె పోస్తే అంత తాగుతుంది. గుత్తి వంకాయకైతే గాట్లు పెట్టిన కాయల్ని ఇడ్లీ పాత్రలో ఆరు నిమిషాలు ఆవిరి పట్టించి, తర్వాత కారం కూరండి. లోపలి గుల్ల అణిగిపోతుంది కాబట్టి నూనె సగానికి సగం తగ్గించినా సరిపోతుంది.

ప్రశ్న: పండక్కి గారెలు వేయించగా మిగిలిన నూనెను ఎన్నిసార్లు వాడుకోవచ్చు?
— పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మళ్లీ మూకుడు పెట్టి వేయించడానికి వాడకండి. చల్లారాక పలచని గుడ్డలో వడగట్టి, రెండు మూడు రోజుల్లో పోపులకు, కూరలకు వాడేయండి. అడుగున నల్లగా మిగిలే పిండి రేణువులే నూనెను తొందరగా పాడు చేస్తాయి, అందుకే వడగట్టడం ముఖ్యం. నురగ వచ్చినా, చిక్కబడి జిగటగా మారినా, మామూలు మంట మీదే పొగ వచ్చినా పారేయడమే. సింకులో పోయకండి, గొట్టంలో పేరుకుంటుంది. కాగితాల్లో ఇంకించి చెత్తలో వేయండి. అసలు ఇంట్లో గారెలకు లీటరు నూనె పెట్టక్కర్లేదు. చిన్న లోతైన మూకుట్లో పావు లీటరు పోసి, మూడేసి చొప్పున వేస్తే మిగిలే బాధే ఉండదు.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు, బీపీ ఉంది. ఉప్పు తగ్గించమన్నారు. కూరల్లో తగ్గించేశాను. ఆవకాయ మాత్రం మానలేను. ఆవకాయలోనే ఉప్పు తక్కువ వేసి పెట్టుకోవచ్చా? హిమాలయన్ ఉప్పు వాడితే మంచిదేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: ఆవకాయలో ఉప్పు తగ్గించకండి. అది రుచి కోసమే కాదు, జాడీ ఏడాది పాటు నిలవడానికి కూడా. తగ్గిస్తే ముక్క మెత్తబడుతుంది, బూజు పడుతుంది. తగ్గించాల్సింది కంచంలో.

కిలో ముక్కలకు ఉప్పు, కారం, ఆవపిండి తలా 200 గ్రాములు, నూనె అర కిలో వేసి కలిపారనుకుందాం. మొత్తం రెండు కిలోల చిల్లర, అందులో ఉప్పు 200 గ్రాములు. అంటే పదోవంతు ఉప్పే. ఒక ముక్క, దానికంటిన పిండితో కలిపి 25 గ్రాములు తూగితే రెండున్నర గ్రాముల ఉప్పు లోపలికి పోయినట్టు. రోజంతటికీ కలిపి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మధ్యాహ్నం ఒక ముక్క, రాత్రి పెరుగన్నంలో ఇంకో ముక్క వేసుకుంటే, కూరలో రవ్వ ఉప్పు వేయకున్నా కోటా అయిపోయింది. పక్కన అప్పడం, ఊరమిరపకాయ ఉంటే చెప్పక్కర్లేదు.

కాబట్టి ఆవకాయ రోజున అదొక్కటే. చిన్న ముక్కను సగం చేసి, ముద్దపప్పుతో కలుపుకోండి, ఆ పప్పులో ఉప్పు వేయకండి. నిజానికి ముద్దపప్పు, ఆవకాయ జోడీలో పప్పు చప్పగా ఉంటేనే రుచి. మిగతా రోజులకు రోటి పచ్చళ్లు ఉన్నాయి. పావు కిలో బీరకాయ పచ్చడికి ముప్పావు టీస్పూన్ ఉప్పు సరిపోతుంది. అందులోంచి రెండు టేబుల్‌స్పూన్లు వేసుకుంటే గ్రాము ఉప్పు కూడా దాటదు, ఒక కూరగాయ కడుపులో పడుతుంది.

హిమాలయన్ ఉప్పు రంగే వేరు, అందులోనూ ప్రధానంగా ఉండేది సోడియం క్లోరైడే. పైగా చాలా రకాల్లో అయొడిన్ కలపరు. కల్లుప్పు కూడా అంతే, రేణువుల మధ్య ఖాళీ వల్ల చెంచాకు తక్కువ పడుతుందే తప్ప గ్రాముకు గ్రాము ఒకటే. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పులు కూడా దొరుకుతున్నాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకి కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లు వాటి జోలికి వెళితే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. మీ మాత్రల చీటీ చూపించి డాక్టరును అడిగాకే కొనండి.

ప్రశ్న: షుగర్ కోసం అన్నం మానేసి కొర్రలు మొదలుపెట్టాం. ఒకరోజు గట్టిగా, ఒకరోజు జావలా వస్తోంది. కడుపు ఉబ్బరం. షుగర్ కూడా పెద్దగా తగ్గలేదు.
— పాఠకుడు, హనుమకొండ

జవాబు: చివరిదాని నుంచి మొదలుపెడదాం. వంద గ్రాముల బియ్యం, వంద గ్రాముల కొర్రలు రెండూ ఇంచుమించు అన్నే క్యాలరీలు ఇస్తాయి, రెండింటిలోనూ ఎక్కువ పాలు పిండిపదార్థమే. కొర్రల్లో పీచు ఎక్కువ కాబట్టి షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. అయితే ‘ఇది షుగర్ వాళ్ల తిండే కదా’ అని రెండు కప్పులు తింటే ఆ లాభం పోతుంది. పెద్ద కంచం నిండా అన్నం, అంచున రెండు చెంచాల కూర అనే వాటాను తిరగేయండి. వండిన కొర్రన్నం ఒక కప్పు, కూరలు రెండు కప్పులు, పప్పు ఒక కప్పు. ముందు కూర సగం తిని, తర్వాత అన్నంలో చెయ్యి పెట్టండి.

కొనేటప్పుడు రంగు చూడండి. మరీ తెల్లగా మెరిసిపోతుంటే బాగా పాలిష్ పట్టినట్టే, పీచు మరలోనే ఉండిపోయింది. కాస్త మాసిన పసుపు రంగులో ఉన్నవి తీసుకోండి.

వండే తీరు: మూడు నాలుగు నీళ్లు కడిగి, ఇసుక లేకుండా గాలించి, కొర్రలైతే కనీసం రెండు గంటలు, అరికెలైతే ఆరు గంటలు నానబెట్టండి. గ్లాసు కొర్రలకు రెండు గ్లాసుల నీళ్లు, అరికెలకు రెండున్నర. నానకుండా వండితే పైపొర చిట్లి జావ కారుతుంది, లోపల పలుకుంటుంది. మీకు రెండు రకాలుగా వస్తున్నది నానే సమయం రోజుకొకలా ఉండటం వల్లే కావచ్చు. దించాక పది నిమిషాలు మూత తీయకుండా వదిలి, అప్పుడు పొడిపొడిగా విడదీయండి. వేడిగా ఉన్నప్పుడే తినండి, చల్లారితే గట్టిపడుతుంది, అది దాని స్వభావం.

ఉబ్బరానికి కారణం ఒక్కసారిగా పెరిగిన పీచు. మొదటి రెండు వారాలు ఒక్క పూట, అదీ అరకప్పుతో సరిపెట్టుకోండి, నీళ్లు బాగా తాగండి. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతుంటే, తిండి మారుస్తున్నారు కాబట్టి ఇంట్లో పరీక్షించుకుంటూ ఉండండి. అన్నట్టు, ఉదయం తాగే రాగి జావను చిక్కటి సంకటితో సమానంగా లెక్కేయకండి. మెత్తటి పిండి పలచగా ఉడికితే తొందరగా అరిగిపోతుంది. రాగుల గొప్పతనం కాల్షియంలో ఉంది, వంద గ్రాములకు 360 మిల్లీగ్రాముల పైన.

ప్రశ్న: గంజి వార్చి వండితే అన్నంలో చక్కెర పోతుందంటారు, నిజమా?
— పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: కొంత పిండి పోతుంది, దాంతోపాటు నీళ్లలో కరిగే బి విటమిన్లూ పోతాయి. షుగర్ మీద తేడా తెచ్చేది కంచంలో అన్నం ఎంతుందన్నదే. వార్చే అలవాటు ఉంటే ఆ గంజిని పారబోయకుండా చారులోనో మజ్జిగలోనో కలపండి.

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు, హిమోగ్లోబిన్ 9 ఉంది. రోజూ ఆకుకూర పెడుతున్నా పెరగడం లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది?
— తల్లి, విజయనగరం

జవాబు: ఆ వయసు ఆడపిల్లకు 12 అయినా ఉండాలి. 9 అంటే తోటకూరతో తీరే లోటు కాదు. ఐరన్ మాత్రలు కావాలి, రక్తం ఎందుకు తగ్గిందో డాక్టరు చూడాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందేమో అడిగి తెలుసుకోండి, పిల్లలు ఇంట్లో చెప్పరు. మాత్రను పాలతో, టీతో, కాల్షియం మాత్రతో కలిపి వేయకండి.

వంట సంగతికొస్తే, ఆకుకూరల్లోని ఇనుము మన ఒంటికి కొద్దిగానే పడుతుంది. విటమిన్ సి తోడైతే ఎక్కువ పడుతుంది. తోటకూర పప్పులో నిమ్మకాయ పొయ్యి మీద ఉండగా పిండకండి, ఆ వేడికి విటమిన్ సి చాలావరకు పోతుంది. కంచంలో పిండుకోవాలి. అన్నం తినగానే టీ తాగే అలవాటుంటే గంట ఆగమనండి, టీలోని టానిన్లు ఇనుమును పట్టేస్తాయి. ఆకుల్ని కోశాక కడిగితే పోషకాలు నీళ్లలో పోతాయి. కోయకముందే పెద్ద బేసిన్లో ముంచి, ఆకుల్ని చేత్తో పైకి తీయండి. నీళ్లు వంపితే అడుగున చేరిన మట్టి మళ్లీ ఆకుల మీదే పడుతుంది. మాంసాహారం తినే ఇల్లయితే వారానికి రెండుసార్లు చేపో మాంసమో పెట్టండి, వాటిలోని ఇనుము సులువుగా ఒంటబడుతుంది.

ప్రశ్న: రాత్రి మిగిలిన అన్నం పొద్దున్న తినడం మంచిదా, చెడ్డదా? ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారు.
— పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అన్నం ఎలా నిల్వ ఉందన్నదాన్ని బట్టి ఇద్దరూ నిజమే చెబుతున్నారు. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే మిగిలిన అన్నాన్ని కుక్కర్లోనే మూతపెట్టి ఉంచకండి. వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి ఆరనిచ్చి, వండిన రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడే తినేయండి. మిగిలిన అన్నంతో పులిహోర కలపాలన్నా ఇలా ఉంచినదానితోనే కలపండి.

చద్దన్నం కావాలంటే, రాత్రి వండిన అన్నాన్ని చల్లారగానే నీళ్లు పోసి, రెండు గరిటెల పుల్ల మజ్జిగ కలిపి మూతపెట్టండి. పులుపు ఆ బ్యాక్టీరియాను పెరగనివ్వదు. మధ్యాహ్నం నుంచీ బయటే పడున్న అన్నంలో రాత్రి పదింటికి మజ్జిగ పోస్తే మాత్రం ఉపయోగం లేదు, అప్పటికే తయారైన విషాన్ని పులుపు తీసేయలేదు. ఎండాకాలంలో పొద్దున్న మూత తీయగానే పుల్లటి వాసన వస్తే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినండి. జిగటగా తీగలు సాగినా, కుళ్లు వాసన వచ్చినా పారబోయండి.