వైరస్ నష్టానికి సాఫ్ట్‌వేర్ కంపెనీ పూచీ పడుతుందా?

ప్రశ్న: అంబాజీపేటలో మాది చిన్న కొబ్బరి వ్యాపారం. నేను, మా తమ్ముడు, ఒక గుమస్తా. నిరుడు ఒక దుకాణంలో కంప్యూటర్ కొన్నాం. విండోస్, లెక్కల సాఫ్ట్‌వేర్, యాంటీవైరస్ వారే ఎక్కించి ఇచ్చారు. గత నెల వైరస్ సోకి ఫైళ్లేవీ తెరుచుకోవడం లేదు. బిట్‌కాయిన్లు పంపితేనే తెరుస్తామని తెర మీద సందేశం వచ్చింది. ఏ తోటలో ఏ దింపుకు ఎన్ని కాయలు తెచ్చామో, ఏ వర్తకుడు ఎంత బాకీయో అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంతలో మా తమ్ముడి కొడుకు ఫోనులో ఒక రుణ యాప్ పెట్టుకుంటే, అది నంబర్లన్నీ లాగేసింది. ఇప్పుడు చుట్టాలకు అసభ్యమైన మెసేజీలు వెళుతున్నాయి. ఈ సాఫ్ట్‌వేర్లు తయారు చేసినవారి మీద కేసు వేయవచ్చా? – ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: ముందుగా ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేసి పక్కన పెట్టండి. ఫార్మాట్ మాత్రం చేయించకండి. అంతా తుడిచి కొత్తగా వేసిస్తామని దుకాణం వారు అంటారు. దానితో మీ సాక్ష్యం కూడా తుడిచిపెట్టుకుపోతుంది. తెర మీది సందేశాన్ని ఫొటో తీసి, 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు పంపకండి. పంపినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ ఏదీ లేదు. ఐరోపా దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో ప్రారంభించిన ‘నో మోర్ రాన్సమ్’ వెబ్‌సైటులో కొన్ని రకాల వైరస్‌లకు విరుగుడు ఉచితంగా దొరుకుతుంది. అది ప్రయత్నించండి.

ఇక కేసు సంగతి. మీరు ఒకే ప్రశ్నగా అడిగినా ఇవి రెండు వేర్వేరు వ్యవహారాలు. కంప్యూటర్ విషయంలో, ఎవరో చేసిన సాఫ్ట్‌వేర్‌లోకి మరెవరో వైరస్ పంపారు. ఫోను విషయంలో, యాప్ చేసినవాడే దొంగ.

వైరస్ గురించి మన చట్టం స్పష్టంగానే ఉంది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని సెక్షన్ 43 ప్రకారం, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వైరస్ ప్రవేశపెట్టినవారు, పెట్టించినవారు పరిహారం చెల్లించాలి. మోసపు బుద్ధితో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చిక్కేమిటంటే, ఈ సెక్షన్లు పట్టుకునేది ప్రవేశపెట్టినవాణ్ని. వాడు ఏ దేశంలో కూర్చున్నాడో మనకు తెలియదు. అందుకే నష్టపోయినవారి చూపు కంపెనీ మీదికి మళ్లుతుంది. అది న్యాయమైన చూపే.

కంపెనీ తన లైసెన్స్ ఒప్పందం చూపిస్తుంది. ‘సాఫ్ట్‌వేర్‌ను ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, నష్టాలకు మా పూచీ లేదు’ అని అందులో రాసి ఉంటుంది. చదవకుండా అందరం అంగీకారం తెలిపేదే. కానీ అలా రాసుకున్నంత మాత్రాన పూచీ పోదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అన్యాయపు ఒప్పందాలను ప్రశ్నించే హక్కు ఇచ్చింది. ఆ ఫిర్యాదు మాత్రం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కాదు, రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. అదే చట్టంలోని సెక్షన్ 84 ప్రకారం రూపకల్పనలో లోపం ఉన్నా, తగిన హెచ్చరికలు ఇవ్వకపోయినా ఉత్పత్తిదారుదే బాధ్యత. యాంటీవైరస్ కంపెనీ ఫలానా రక్షణ కల్పిస్తామని స్పష్టంగా హామీ రాసి ఇచ్చి నిలబెట్టుకోకపోతే, మా నిర్లక్ష్యం లేదని నిరూపించుకున్నా తప్పించుకోలేదు. దాని పెట్టె, బిల్లు పారేయకండి.

సాఫ్ట్‌వేర్ అసలు వస్తువేనా అని ఎదుటివారు వాదిస్తారు. 2004లో టాటా కన్సల్టెన్సీ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల మధ్య కేసులో, సీడీలో అమ్మే తయారు సాఫ్ట్‌వేర్ సరుకేనని సుప్రీంకోర్టు తేల్చింది. అది అమ్మకపు పన్ను తగాదా. ఆ తర్కాన్ని ఇక్కడికి తేవాలంటే గట్టిగా వాదించుకోవాలి. యూరోపియన్ యూనియన్ 2024 నాటి ఆదేశంలో సాఫ్ట్‌వేర్ కూడా ఉత్పత్తేనని నేరుగా రాసేసింది. మన చట్టంలోనూ ఆ ఒక్క వాక్యం చేరాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అయితే సాఫ్ట్‌వేర్‌లో కంత, అంటే వైరస్ చొరబడే లోపం, ఉందని చూపితే చాలదు. కంపెనీకి అది ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేసింది అన్నదే అసలు ప్రశ్న. ఏటిగట్టు బలహీనపడిందని తెలిసీ లంక గ్రామాలకు చెప్పని అధికారి తప్పు ఒకటి, చాటింపు వేయించినా కదలనివారి తప్పు వేరొకటి. 2017 మే 12న వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. అటువంటప్పుడు కంపెనీ మీద కేసు నిలబడటం కష్టం.

అందుకే మీ కేసులో నేను మొదట చూసేది దుకాణం వైపు. విండోస్ 10కి ఉచిత రక్షణ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో సాధారణంగా ఆగిపోయాయి. ఆ సంగతి చెప్పకుండా అమ్మారా? అప్‌డేట్లు ఆపేసి ఇచ్చారా? ఏడాది నిర్వహణకు డబ్బు తీసుకున్నారా? ముఖ్యంగా, ఎక్కించినవి అసలు కాపీలేనా? లైసెన్స్ కాగితాలు అడగండి. దొంగ కాపీలైతే తయారీదారు మీద మీకు దారి దాదాపు మూసుకుపోతుంది. పైగా తెలిసి వాడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద అది నేరం. మీకు తెలియకుండా అంటగట్టి ఉంటే మాత్రం మోసపోయింది మీరు, జవాబు చెప్పాల్సింది దుకాణం.

వ్యాపారి వినియోగదారు అవుతాడా? స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవారు అవుతారు. ఒకరిద్దరి సహాయం తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ కొట్టు ఆ కొలతలో ఇముడుతుందని నా నమ్మకం. చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌లో రుసుము లేదు, మీ నివాసం ఏ కమిషన్ పరిధిలో ఉంటే అక్కడే వేయవచ్చు, రెండేళ్లలోపు వేయాలి. వినియోగదారు కాదన్నా దుకాణం మీద సివిల్ కోర్టు ఉంది. వైరస్ పంపినవాడు దొరికితే 5 కోట్ల వరకు పరిహారం కోరుతూ రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఎక్కడికి వెళ్లినా నష్టం అంకెల్లో చూపాలి. జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, రైతుల దగ్గరున్న చీటీలతో లెక్కలు మళ్లీ కట్టండి. కంప్యూటర్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

ఇక రుణ యాప్. అసలు పని పేరు చెప్పి లోపల గూఢచర్యం చేసే సాఫ్ట్‌వేర్‌కు తయారీదారే ముద్దాయి. పెద్ద పేరున్నా మినహాయింపు లేదు: 2005లో సోనీ బీఎంజీ తన పాటల సీడీల్లో రహస్యంగా ఒక ప్రోగ్రామ్ దాచినందుకు అమెరికాలో కేసులు ఎదుర్కొని కొనుగోలుదారులతో రాజీకి రావలసి వచ్చింది. మనకు ఆర్‌బీఐ 2022లోనే చెప్పింది, రుణ యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితా, కాల్ వివరాలు, ఫొటోల జోలికి పోరాదని. కుర్రవాడు ‘అనుమతి’ నొక్కాడన్నది వారికి రక్షణ కాదు. చుట్టాలను వేధించడానికి ఎవరూ అనుమతి ఇవ్వరు. ఐటీ చట్టంతో పాటు బెదిరించి డబ్బు గుంజడం కింద భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 వర్తిస్తుంది. యాప్ వెనుక గుర్తింపు పొందిన ఫైనాన్స్ సంస్థ ఉంటే, ఏజెంటు చేసినదానికి ఆ సంస్థ కూడా జవాబుదారీ. ఆర్‌బీఐకి ఫిర్యాదు చేయండి.

ఆ అబ్బాయిని తిట్టకండి. ఈ వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవారు మన రాష్ట్రంలో ఉన్నారు. రాత్రిళ్లు ఒంటరిగా వదలకండి, అవసరమైతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు 14416లో ఫోన్ చేసి మాట్లాడించండి. చుట్టాలకు మీరే ముందుగా ఫోన్ చేసి, ఆ మెసేజీలను తుడిచేయకుండా మీకు పంపమనండి. యాప్ పేరు, అది దింపుకున్న లింకు, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే దాన్ని ఫోనులోంచి తొలగించండి.