సూది గుచ్చే ముందు ఒక్క ఫోన్ చెయ్యి

చిట్టితల్లీ,

మీ ఆసుపత్రిలో ఎముక గడ్డలకు సూది బయాప్సీలు, అంటే పరీక్షకు సూదితో ముక్క తీయడం, నువ్వే మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మా మేనకోడలని నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

రక్తం గడ్డకట్టే పరీక్షలు, మత్తు, సంతకాలు నీకు తెలిసినవే. ఎమ్మారై సూదికి ముందే తీయించు. తర్వాత తీస్తే లోపలి రక్తం, వాపు వల్ల గడ్డ హద్దులు సరిగ్గా తెలియవు.

నా భయమల్లా సూది వెళ్లే దారి గురించే. ఆ దారి వెంట క్యాన్సర్ కణాలు మిగిలిపోవచ్చు. అందుకే గడ్డతో పాటు ఆ దారినీ కోసి తీసేస్తాం. నువ్వు పెట్టే రంధ్రం రేపటి కోత గీత మీద పడాలి.

ఒక డిగ్రీ కుర్రాడు ఇప్పటికీ గుర్తొస్తాడు. మోకాలి పైన ఆస్టియోసార్కోమా, ఎముక క్యాన్సర్. మా దగ్గరికి వచ్చేసరికే ఎక్కడో బయాప్సీ అయిపోయింది, తొడ వెనక నుంచి. రక్తం కారి పెద్ద ధమని, నరం చుట్టూ పాకింది. రోగ నిర్ధారణ సరైనదే. ఎముక తీసి లోహపు కీలు పెడితే నిలవాల్సిన కాలు అది. కానీ ధమనినీ నరాన్నీ ఉంచి ఆ దారిని తీసే వీలు లేక కాలే తీసేశాం. "సూది పోటుకే కాలు పోయిందా సార్?" అన్నాడు వాళ్ల నాన్న. నేనేం చెప్పను?

అది మన దగ్గర మాత్రమే జరిగేది కాదు. అమెరికాలో ఎముక గడ్డల సర్జన్ మాన్‌కిన్ బృందం 1996లో ప్రచురించిన 597 మంది కేసుల్లో, బయాప్సీ వల్లే 18 మందికి అనవసరంగా అవయవం తీసేయాల్సి వచ్చింది.

అందుకే ఆపరేషన్ చేసే సర్జన్‌కు ముందే ఫోన్ చెయ్యి. నీకు చిన్నప్పటి నుంచీ ఎవర్నీ అడగని మొండితనం. ఇక్కడ అది పనికిరాదు తల్లీ. మోకాలి కీలులోకి సూది పోనివ్వకు. భుజం దగ్గరైతే డెల్టాయిడ్, అదే భుజం మీది కండరం, ముందు భాగంలోంచే వెళ్లు, ఛాతీ కండరానికీ దానికీ మధ్య సందులోంచి వద్దు.

గడ్డ ఎముక దాటి బయటికి పెరిగిన మెత్తని భాగం దొరికితే అక్కడి ముక్కలే తీయి. ఒకటి క్రిములున్నాయేమో చూసే కల్చర్‌కు పంపు, ఇన్ఫెక్షన్ కూడా ఒక్కోసారి అచ్చం యూయింగ్స్ అనే ఎముక క్యాన్సర్‌లా కనిపిస్తుంది. ఇంకొకటి, ఎముకను మెత్తబరచడానికి ల్యాబులో వాడే యాసిడ్ తగలకుండా ఉంచమని చెప్పు, జన్యు పరీక్షకు కావాలి. ఎక్స్‌రే చూడకుండా పాథాలజిస్టును రిపోర్టు ఇవ్వనివ్వకు. స్కాన్ ఒకటి, రిపోర్టు ఇంకొకటి చెబితే మళ్లీ తీయడానికి మొహమాటపడకు.

మొదటి కేసు రాగానే పేషెంటు పేరు తీసేసి ఎమ్మారై నాకు పంపు. సర్జన్‌తో మాట్లాడాకే పంపాలి, లేకపోతే తిడతాను. వేళకు తిను.

మామయ్య