తాగని మనిషికి బ్రూపబ్‌లో ఏం పని?

ఒంగోలు నుంచి ఒక సోదరి అడిగారు: "మా అబ్బాయి అమెరికాలో ఎంఎస్ పూర్తి చేశాడు. స్నాతకోత్సవానికి రమ్మంటున్నాడు. ఆ రాత్రి స్నేహితులందరి తల్లిదండ్రులతో కలిసి ఊళ్లోని బ్రూపబ్‌లో భోజనమట. మా ఇంట్లో ఎవరికీ తాగుడు అలవాటు లేదు. వెళ్లవచ్చా, ఏదో సాకు చెప్పి ఇంట్లో ఉండిపోవాలా?"

వెళ్లండమ్మా. 2019లో ఇదే గుంజాటన నాదీ. మాది కావలి, బడిపంతులమ్మగా చేసి విరమించాను. మా అబ్బాయి మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివాడు. అది ఆన్ ఆర్బర్ అనే ఊళ్లో ఉంది. విశ్వవిద్యాలయం 1837లో డెట్రాయిట్ నుంచి అక్కడికి మారిందట. ఇప్పుడు ఊరంతా దాని చుట్టూ అల్లుకునే బతుకుతోంది.

నా సంకోచానికి కారణం వేరే ఉంది. నా పుట్టిల్లు కలిగిరి దగ్గర పల్లె. దూబగుంట మాకు దూరం కాదు. 1992లో ఆ ఊళ్లో రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా కొట్ల మీదికి వెళ్లినప్పుడు మా అమ్మ కూడా కొంగు బిగించింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చేదాకా మా చిన్నాన్న కూలి డబ్బులు ఏ ప్యాకెట్లకు పోయేవో కళ్లారా చూసినదాన్ని. పబ్ అనగానే ఆ వాసనే ముక్కుకు తగిలింది.

అసలు బ్రూపబ్ అంటే బీరు తామే కాచి, అక్కడే పోసే హోటల్. అమెరికాలో బీరు కాచేవారి సంఘం లెక్కలో, కాచిన దాంట్లో కనీసం నాలుగో వంతు అక్కడే అమ్ముడుపోవాలి, భోజనం కూడా చెప్పుకోదగ్గట్టు ఉండాలి. ఆధునిక కాలంలో ఆ దేశంలో మొదటిది 1982లో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో తెరిచారు. అంటే ఇది ఏ తాతల కాలం నాటి ఆచారమో కాదు, మీ వయసూ నా వయసూ దానికంటే ఎక్కువే.

మొదటి రోజు గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. స్నాతకోత్సవం నాడు ఆ ఊరు మన తిరునాళ్లే. లక్ష మందికి పైగా పట్టే ఫుట్‌బాల్ స్టేడియంలో ఉత్సవం ముగిశాక, కుటుంబాలన్నీ కలిసి నాలుగు వీధుల్లోని హోటళ్ల మీద పడ్డాయి. ముందుగా బల్ల చెప్పి ఉంచుకోని మేము గంటన్నర వాకిట్లో నిలబడ్డాం. మే నెల కదా అని పల్చటి శాలువా వేసుకుని వెళ్లాను. ఆ చలి ముందు మన ధనుర్మాసం ఏ మూలకు? మీ అబ్బాయికి ఈ రోజే ఫోను చేసి బల్ల పట్టించండి.

లోపలికి వెళ్లగానే నన్ను ఆశ్చర్యపరచినది పసిపిల్లలు. పక్క బల్ల దగ్గర ఎత్తు కుర్చీలో ఏడాది పాప బంగాళాదుంప వేపుడు ముక్క నములుతోంది. దాని తాతగారు నల్లటి బీరు ముందు పెట్టుకుని పత్రికలో గళ్లనుడికట్టు నింపుతున్నారు. 21 ఏళ్లు నిండనివారికి మద్యం పోయరు గానీ, మేము వెళ్లినచోట కూర్చుని తినడానికి వయసుతో పని లేదు.

వయసంటే గుర్తొచ్చింది. మావారు జన్మలో ముట్టలేదు గానీ, కొడుకు ముచ్చట తీర్చడానికి ఒక చిన్న గ్లాసు రుచి చూస్తానన్నారు. వడ్డించే అమ్మాయి వయసుకు రుజువు చూపమంది. తల ముగ్గుబుట్టలా నెరిసిన మనిషిని! అక్కడ అందరినీ అడగడమే పద్ధతట. పాస్‌పోర్టు ఇంట్లో పెట్టె అడుగున భద్రంగా ఉంది. మావారు జేబులోంచి ఆధార్ కార్డు తీసి దర్జాగా అందించారు. ఆ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పింది, తెలుగు అక్షరాలు భలే గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకుంది, తిరిగి చేతిలో పెట్టి రూట్ బీర్ తెచ్చి ఇచ్చింది. పేరు చూసి కంగారు పడకండి, అది మద్యం లేని తీపి సోడా. వాసన మాత్రం అచ్చం నొప్పుల మందే. మావారు రెండు గుక్కలు తాగి, "మిగిలినది మోకాళ్లకు రాసుకోనా?" అన్నారు.

తిండి దగ్గర కాస్త జాగ్రత్త. మెలి తిప్పిన పెద్ద జంతికలా ఉండే ప్రెట్జెల్ రొట్టె బాగుంటుంది గానీ, దాని పక్కన పెట్టే జున్ను ముద్దలో చాలాచోట్ల బీరు కలుపుతారు. చేపల వేపుడు పిండిలోనూ కలపవచ్చు. సూపుల్లో ఏ మాంసం ఉందో అడగకుండా చెంచా ముంచవద్దు. అడిగితే విసుక్కోరు. బిల్లు మీద 18 నుంచి 20 శాతం వడ్డించినవారికి ఇవ్వడం అక్కడి రివాజు. దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోకండి, తిన్నది అరగదు.

నేను మిమ్మల్ని వెళ్లమంటున్నది ఈ రాత్రి భోజనం కోసం కాదు. వీలైతే మామూలు రోజున, పగటిపూట మరోసారి వెళ్లండి.

రెండు రోజుల తరువాత, పదకొండు గంటల వేళ, అబ్బాయి నన్ను ఒక్కదాన్నే తీసుకెళ్లాడు. వీధి మలుపులోనే హార్లిక్స్ వాసన వచ్చింది. చిన్నప్పుడు జ్వరం వచ్చి లేచాక అమ్మ కలిపి ఇచ్చే గ్లాసు వాసన. ఎక్కడి నుంచా అని చూస్తే ఆ బ్రూపబ్ పొగగొట్టం. లోపల అద్దం గోడ వెనుక నిలువెత్తు స్టీలు పాత్రలు. రబ్బరు బూట్లు వేసుకున్న ఒక కుర్రాడు పెద్ద పాత్ర అడుగు తలుపు తెరిచి, ఆవిర్లు కక్కుతున్న గింజల పిప్పిని పారతో తొట్లలోకి లాగుతున్నాడు. నేను అద్దానికి ముక్కు ఆనించి చూడటం గమనించి లోపలికి పిలిచాడు. అబ్బాయి మధ్యలో తెలుగు చేసి చెబుతూ వచ్చాడు.

వింటూ ఉంటే సగం నాకు తెలిసిన పనే. మనం రాగులు నానబెట్టి, గుడ్డలో మూట కట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి దంచుతాం కదా, వాళ్లు బార్లీని అలా చేసి తెచ్చుకుంటారు. మొలకెత్తిన గింజలో పిండిని తీపిగా మార్చే ఎంజైములు పుడతాయి. ఆ రవ్వను సుమారు 65 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే తీపి రసం దిగుతుంది. దాన్ని వడగట్టి, హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరో గంట మరిగించి, చల్లార్చి, పులియడానికి ఈస్టు కలుపుతారు. బీర్లలో ఏల్ అనే రకాలు రెండు మూడు వారాల్లో గ్లాసులోకి వస్తాయి. లాగర్ అనే రకాలు చల్లటి పాత్రల్లో ఇంకా ఎక్కువ కాలం ఊరాలి.

ఆ హాప్స్‌ను పొడి చేసి అదిమిన బిళ్లలు నాలుగు నా అరచేతిలో పోశాడు. చూడటానికి గొడ్ల దాణా గుళికల్లా పచ్చగా ఉన్నాయి. నలిపితే దబ్బాకూ మామిడి సొనా కలిసిన వాసన. నాలుక చివర పెట్టుకున్నాను. ఉగాది పచ్చడిలో వేపపువ్వు దీని ముందు పాయసమే. చేదు కోసమూ, బీరు త్వరగా చెడిపోకుండానూ వేస్తారట. పిప్పి ఏం చేస్తారని అడిగితే, రైతు వచ్చి పట్టుకుపోతాడని చెప్పాడు, గొడ్లకు. ఇంతా చేసి అక్కడా కుడితి గోలెమే!

మా పల్లెలో తాటికల్లుకు ఈ తతంగం లేదు. తెల్లవారుజామున దించితే తీపి, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి ఘాటు. గాలిలోని ఈస్టే పని కానిస్తుంది. కుండకు లోపల సున్నం పూస్తే పులవదు, అది నీరా. ఈ సంగతి చెబితే ఆ కుర్రాడు చేతిలో పార పక్కన పెట్టి మరీ విన్నాడు.

అబ్బాయి చెక్కపలక మీద నాలుగు చిన్న గ్లాసులు తెప్పించాడు. ఒక్కొక్కటి 120 మిల్లీలీటర్లు ఉంటుందేమో. స్టౌట్ అనే నల్లటి బీరులో వేలు ముంచి నాకాను. మాడిన బెల్లం పాకంలో కాఫీ పొడి వేసినట్టుంది. చాలనుకున్నాను.

బీరు మంచిదని నేను ఎవరికీ చెప్పను. ఒక పైంటు అంటే 473 మిల్లీలీటర్లు. ఐపీఏ అనే రకంలో ఆల్కహాలు 6, 7 శాతం దాకా ఉంటుంది, తేలిక రకాల్లో 4. అన్నీ ఒకటే అనుకుని తాగి కారు తోలిన పిల్లల గోడు అక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో విన్నాను. కేసు పడితే వీసా దాకా వస్తుంది. మీ అబ్బాయి గది నడిచి వెళ్లేంత దగ్గరలో ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఇంకో ముచ్చట. ఆన్ ఆర్బర్‌లో 1995లో మొదలైన ఆర్బర్ బ్రూయింగ్ కంపెనీ పేరుతోనే 2012లో బెంగళూరులో ఒక బ్రూపబ్ వచ్చింది. ఆ విశ్వవిద్యాలయంలో చదువుకున్న భారతీయుడే తెచ్చాడు. చదువుతో పాటు ఏమేం దిగుమతి అవుతాయో చూడండి.

తిరిగి వచ్చాక అమ్మకు ఇదంతా చెప్పాను. ఎనభై దాటింది, చెవులు మందగించాయి గానీ లెక్క తప్పదు. మొలకల సంగతికి తలూపింది, పిప్పి గొడ్లకు వేస్తారంటే మెచ్చుకుంది. కాసేపాగి అడిగింది, "బిల్లు ఎవరిచ్చారు?"

"నీ మనవడే."

"వాడింకా ఉద్యోగంలో చేరలేదుగా?"

క్రెడిట్ కార్డు సంగతి నేను ఎత్తలేదు.