ఇన్‌ఫ్రారెడ్ ప్యానెల్ పెడితే కరెంటు బిల్లు తగ్గుతుందా?

ఇన్‌ఫ్రారెడ్ ప్యానెల్ అంటే కరెంటుతో వేడెక్కి, కంటికి కనిపించని వేడి కిరణాలు వెదజల్లే పలక. అది పెట్టినంత మాత్రాన బిల్లు తగ్గదు. మామూలు రూమ్ హీటర్‌లాగే ఇదీ ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తుంది. తేడా ఆ వేడి చేరే తీరులో ఉంది. కిరణాలు గాలిని పెద్దగా కాచకుండా నేరుగా ఒంటికి, గోడలకు, నేలకు తగులుతాయి. అందుకే గది గాలి ఒకటి రెండు డిగ్రీలు తక్కువున్నా చలి అనిపించదు. రాతబల్ల దగ్గర 600 వాట్ల ప్యానెల్ 5 గంటలు వేస్తే 3 యూనిట్లు. కూర్చున్న మనిషికి అది సరిపోతే, 2,000 వాట్ల హీటర్‌తో గదంతా వేడి చేసే పని తప్పుతుంది, మిగిలేది అక్కడే. బల్ల కింద కాళ్లు మాత్రం చల్లగానే ఉంటాయి, కిరణాలకు బల్ల అడ్డు కదా! సోఫా వెనకో, పరదా వెనకో బిగించినా ఇదే తంతు.

ఈ కిరణాలనూ రేడియేషన్ అంటారు, ఆ మాట వినగానే చాలామంది ఎక్స్‌రేతో పోల్చి భయపడతారు. ఇది పొయ్యి ముందు కూర్చుంటే తగిలే సెగ లాంటిదే. ప్యానెల్‌ను ముట్టుకుంటే మాత్రం చురుక్కుమంటుంది.