ఇంట్లో తెలుగు బంద్ చేస్తే క్యాట్‌లో మార్కులు పెరుగుతాయా?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు జిరాక్స్ షాపు ఉంది. మా అమ్మాయి పదో తరగతి వరకు ఊళ్లో తెలుగు మీడియంలో చదివింది. ఇంటర్, బీకాం ఇక్కడ ఇంగ్లిష్ మీడియం. ఇప్పుడు ఫైనల్ ఇయర్. ఎంబీఏ కోసం ఐఐఎంలు పెట్టే క్యాట్ రాస్తానంటోంది. లెక్కల్లో మార్కులు బాగానే వస్తున్నాయి, ఇంగ్లిష్ ప్యాసేజీల దగ్గరే దెబ్బ తింటోంది. ఇంట్లో తెలుగు మాట్లాడటం, తెలుగు పుస్తకాలు చదవడం బంద్ చేయించమని కోచింగ్‌లో సార్ చెప్పారు. నెల రోజులుగా అదే చేస్తున్నాం. ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. మూడు మాక్ టెస్టుల ప్రింట్లు పంపుతున్నాను. క్యాట్ మానేసి, మన రాష్ట్రంలో ఎంబీఏ సీట్లకు పెట్టే ఐసెట్ ఒక్కటే రాయించమంటారా?

జవాబు: ముందు ఇంట్లో తెలుగు మళ్లీ మొదలుపెట్టండి. ఈ రాత్రి నుంచే. ఇంగ్లిష్‌లో మాట్లాడే అలవాటు రేపు ఇంటర్వ్యూకి పనికొస్తుంది, కాదనను. కానీ ప్యాసేజీ చదివి జవాబు పట్టుకోవడం వేరే పని. అన్నం తినేటప్పుడు 'పాస్ ద పప్పు' అన్నంత మాత్రాన అది రాదు.

మీరు పంపిన మూడు మాక్‌లూ పెన్ను పట్టుకుని కూర్చుని చూశాను. క్యాట్‌లో ఇంగ్లిష్ సెక్షన్‌ను పిల్లలు వార్క్ అంటారు. 24 ప్రశ్నలు, 40 నిమిషాలు. అందులో 16 ప్రశ్నలు నాలుగు ప్యాసేజీల మీద, మిగతా 8 వాక్యాల వరుస సరిచేయడం, పేరా సారాంశం లాంటివి. ప్యాసేజీ ప్రశ్నకు సరైన జవాబైతే 3 మార్కులు, తప్పైతే ఒకటి కోత. మీ అమ్మాయి మూడు మాక్‌లలో మొత్తం 48 ప్యాసేజీ ప్రశ్నలకూ జవాబు పెట్టింది. 19 సరైనవి, 29 తప్పు. అంటే 57లోంచి 29 పోగా 28 మార్కులు.

ఆ 29 తప్పులను విడివిడిగా చూశాను. పదానికి అర్థం తెలియక పోయినవి నాలుగు. ప్రశ్నలో 'ఎక్సెప్ట్' అని పెద్ద అక్షరాల్లో ఉన్నా గమనించకో, రచయిత వాదనను బలపరిచేది అడిగితే బలహీనపరిచేది పెట్టో పోయినవి ఏడు. మిగతా పద్దెనిమిదింటిలో ప్యాసేజీ చాలావరకు అర్థమైంది, ప్రశ్న కూడా అర్థమైంది, ఆప్షన్ దగ్గర పడిపోయింది. ఇది ఇంగ్లిష్ రాకపోవడం కాదండీ. ఇంట్లో తెలుగు ఆపినా ఈ పద్దెనిమిదీ అలాగే ఉంటాయి.

ఆప్షన్ దగ్గర ఏం జరుగుతోందో మన ఊరి సంగతితోనే చెబుతాను. ఇలాంటి ప్యాసేజీ ఒకటి ఉందనుకోండి: '1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మీద నగరానికి ఎగువన జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను పట్టి ఆపడం వాటి మొదటి పని. తరాలు గడిచేసరికి జనం దృష్టిలో అవి తాగునీటి చెరువులైపోయాయి. అందుకే గేట్లు ఎత్తిన ప్రతిసారీ కింద ఉన్నవాళ్లు ఇదేదో కొత్త విపత్తు అన్నట్టు చూస్తారు.'

రచయిత ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఏమిటి? ఒకటి, ఈ జలాశయాలు హైదరాబాద్‌కు తాగునీరు ఇచ్చాయి. రెండు, ఇవి లేకపోతే నగరం మళ్లీ కచ్చితంగా మునిగిపోయేది. మూడు, ఒకటి దేనికోసం కట్టారో, జనం దాన్ని దేనిగా గుర్తుంచుకుంటారో, రెండూ ఒకటే కానక్కర్లేదు. నాలుగు, జలాశయాల్లో నీరు నింపి ఉంచడం అధికారుల తప్పు.

మీ అమ్మాయి ఒకటో ఆప్షన్ పెడుతుంది. పందెం కాస్తాను. ఎందుకంటే అది నిజం. గండిపేట, అంటే ఆ ఉస్మాన్ సాగర్ నీళ్లు తాగిన ఊరు ఇది, తనకు తెలుసు. కానీ అడిగింది లోకంలో ఏది నిజమని కాదు, ఈ పేరా ఎటు నడుస్తోందని. రెండోది 'కచ్చితంగా' అనే ఒక్క మాటతో పోయింది, రచయిత అంత దూరం వెళ్లలేదు. నాలుగోది టీవీ చర్చలో వినిపించే మాట, ప్యాసేజీలో లేదు. మూడోది చూడటానికి చప్పగా ఉంటుంది, మూసీ పేరు లేదు, సంవత్సరం లేదు. జవాబు అదే. తను పోగొట్టుకున్న పద్దెనిమిదిలో దాదాపు అన్నీ ఈ మూడు గుంటల్లోనే పడ్డాయి: తెలిసిన నిజం, అతిగా చెప్పిన మాట, ప్యాసేజీలో లేని తన అభిప్రాయం.

అందుకే ఒక నోటుబుక్ పెట్టించండి. మాక్ రాసిన మర్నాడు, కీ చూసి 'ఓహో' అనుకుని పేజీ తిప్పేయడం కాదు. తప్పుపోయిన ప్రతి ప్రశ్నకూ తను పెట్టిన ఆప్షన్ ఎందుకు నచ్చిందో తెలుగులో ఒక వాక్యం, దాన్ని ప్యాసేజీలో ఏ మాట కొట్టేస్తుందో ఇంకో వాక్యం రాయాలి. వారానికి రెండు మాక్‌లు రాసి ఇలా చూసుకునే అమ్మాయి, ఐదు రాసి మార్కులు మాత్రం చూసుకునేవాళ్లను దాటేస్తుంది. కోచింగ్ వాళ్లు మాక్‌ల సంఖ్య చెప్పి అమ్ముతారు కాబట్టి ఈ మాట వాళ్ల నోటి నుంచి తక్కువ వినిపిస్తుంది.

తెలుగు మీడియం పిల్లలకు నిజంగా అడ్డొచ్చేది ఒకటుంది, అది పదాలు కాదు. వాక్యం కట్టే తీరు. 'నిన్న షాపుకొచ్చి జిరాక్స్ తీయించుకుని చిల్లర మరిచిపోయి వెళ్లిన అబ్బాయి మళ్లీ వచ్చాడు' అంటాం. వివరమంతా ముందే అయిపోయి, అబ్బాయి, వచ్చాడు అనే రెండూ చివర పక్కపక్కనే కూర్చుంటాయి. ఇంగ్లిష్‌లో అబ్బాయి మొదట్లో ఉంటాడు, షాపు, జిరాక్స్, చిల్లర అన్నీ మధ్యలో దూరతాయి, వచ్చాడన్న మాట ఎక్కడో చివర ఉంటుంది. క్యాట్ ప్యాసేజీల్లో ఆ మధ్య భాగం మూడు లైన్లు కూడా సాగుతుంది. మన పిల్ల దాన్ని వెనక నుంచి ముందుకు తిప్పుకుని తెలుగు చేసుకోబోతుంది. అక్కడే టైమ్ పోతుంది, టెన్షన్ మొదలవుతుంది. మందు సులువే. రోజుకు పది పొడుగు వాక్యాలు తీసుకుని, ఎవరు, ఏం చేశారు అన్న రెండు మాటలు మాత్రం పట్టుకుని మధ్యది మొదటిసారికి వదిలేయాలి. మూడు వారాలు చేస్తే కళ్లకు అలవాటవుతుంది. 'హౌఎవర్', 'యెట్', 'ఆల్దో' కనిపించిన చోట మాత్రం బ్రేక్ వేయాలి. రచయిత అసలు మాట చాలాసార్లు ఆ మలుపు తర్వాతే ఉంటుంది.

ఏం చదవాలంటే అందరూ ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ అంటారు. చదవనివ్వండి, నష్టం లేదు. కానీ ఎడిటోరియల్ నిన్నటి వార్త మీద తీర్పు చెబుతుంది. క్యాట్ ప్యాసేజీ చరిత్ర, పర్యావరణం, తత్వం, మనిషి అలవాట్లు లాంటి విషయం తీసుకుని మెల్లగా వాదిస్తుంది. ఏయాన్, ద కన్వర్సేషన్ లాంటి చోట్ల అలాంటి వ్యాసాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. అన్నిటికంటే విలువైనవి పాత క్యాట్ పేపర్లే. ప్రశ్న పెట్టేవాళ్ల బుర్ర అందులోనే దొరుకుతుంది.

ఒక చిన్న పితూరీ మీ మీద. జిరాక్స్ షాపు చేతిలో ఉంది కదా అని అన్నీ ప్రింట్ తీసి ఇస్తున్నారు. మీరు పంపిన కాగితాల నిండా అండర్‌లైన్లు, బాణాలు. పరీక్ష కంప్యూటర్ మీద. అక్కడ ప్యాసేజీ మీద గీతలు గీయడం కుదరదు. షాపులో సాయంత్రం గిరాకీ తగ్గాక బిల్లింగ్ సిస్టమ్ ముందు గంటసేపు కూర్చోనివ్వండి. ఫోన్ కాదు, పెద్ద స్క్రీన్ మీదే చదవాలి.

ఇక టైమ్. మూడు మాక్‌లలోనూ చివరి ప్యాసేజీ హడావుడిగా చేసింది. ఆ పన్నెండు ప్రశ్నల్లో రెండే సరైనవి, పది తప్పు. అంటే 6 సంపాదించి 10 పోగొట్టుకుంది. ఆ చివరి ప్యాసేజీలను అసలు ముట్టుకోకపోయి ఉంటే 28 కాదు, 32 వచ్చేవి. కాబట్టి ప్రస్తుతానికి మూడు ప్యాసేజీలే, ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు. ప్యాసేజీలు ఎంచుకోవడానికి మొదట ఒక నిమిషం పోగా, మిగిలిన పన్నెండు నిమిషాలు ఆ ఎనిమిది ప్రశ్నలకు. వాటిలో ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేసేవాటికి మైనస్ లేదు, ఖాళీగా వదలకూడదు. ఆ మొదటి నిమిషంలో నాలుగు ప్యాసేజీల మొదటి పేరాలు చూసి ఏది వదలాలో తేల్చుకోవాలి. వదిలేయడం మన పిల్లలకు ఓడిపోయినట్టుంటుంది, ఇంట్లో మనమే అలా పెంచాం మరి.

ఐసెట్ సంగతి. రాయించండి, కానీ క్యాట్ మానేసి కాదు. తెలంగాణ ఐసెట్‌లో 150 నిమిషాలకు 200 ప్రశ్నలు, మైనస్ మార్కులు లేవు. ప్యాసేజీలు చిన్నవి, ప్రశ్నలు సూటిగా ఉంటాయి. క్యాట్‌కు చదివిన పిల్లకు అది బరువు కాదు, స్పీడ్ కోసం చివర్లో కొన్ని పాత పేపర్లు చేస్తే చాలు. క్యాట్ సాధారణంగా నవంబరు చివరి ఆదివారం. లెక్కల మార్కులతో ఇంగ్లిష్‌ను లాక్కొద్దామంటే ఐఐఎంల దగ్గర కుదరదు. మొత్తం మీదే కాదు, ప్రతి సెక్షన్‌కూ విడిగా కటాఫ్ ఉంటుంది. అక్టోబరు మొదటికి మూడు ప్యాసేజీల పన్నెండు ప్రశ్నల్లో ఎనిమిదైనా నిలకడగా సరిగ్గా వస్తుంటే నాలుగోది ముట్టుకోవచ్చు. రాకపోతే మూడుతోనే పరీక్షకు వెళ్లమనండి.

ఆ మూడు వేల పదాల పుస్తకం కొన్నారట, ఉత్తరం వెనక రాశారు. అది జీఆర్‌ఈకి వెళ్లేవాళ్లకు పనికొచ్చేది. అక్కడ ఖాళీలు నింపే ప్రశ్నలు ఉంటాయి, పదాలు రావాలి. షాపుకొచ్చే పిల్లల్లో అమెరికా వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే ఇచ్చేయండి.

తెలుగు మళ్లీ మొదలుపెట్టమన్నాను కదా, అది ఊరికే అనలేదు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైనప్పుడు పాఠాలు ఉర్దూలో చెప్పారు, ఇంగ్లిష్ ఒక తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది. సొంత భాషలో ఆలోచించి ఇంగ్లిష్ నేర్చుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. రోజూ రాత్రి తను ఆ రోజు చదివిన ప్యాసేజీ ఒకటి మీకు తెలుగులో చెప్పాలి, కాగితం చూడకుండా, రెండు నిమిషాల్లో. రచయిత ఏమన్నాడు, ఎవరితో విభేదించాడు, చివరికి ఎటు తేల్చాడు. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు, మీరే సరైన పరీక్షకులు. అర్థం కాకపోతే అమ్మాయి చిన్నబుచ్చుకుంటుందని తలూపేయకండి, 'అర్థం కాలేదమ్మా' అనండి. తను మళ్లీ ప్యాసేజీ తెరిచి చూసుకుంటుంది.