రోడ్డుకు అటూ ఇటూ ఆ వంపు గొట్టాలు ఏమిటి?

ప్రశ్న: మాది కోనసీమలో మామిడికుదురు దగ్గరి పల్లెటూరు. మా ఊరి రోడ్డుకు అటొకటి ఇటొకటి, చేతికర్ర పిడిలాగా పైన వంగిన ఇనుప గొట్టాలు నిలబెట్టి ఉన్నాయి. వాటి మూతులకు జాలీ ఉంది. నీళ్లు రావు, చప్పుడూ ఉండదు. పక్కనే నడుమెత్తు స్తంభానికి తాళం వేసిన చిన్న పెట్టె ఉంది. అప్పుడప్పుడు ఒకాయన వచ్చి పెట్టె తెరిచి, నీలం నీళ్లున్న ఒక గొట్టాన్ని నేలకు ఆనించి, మీటరు చూసుకొని వెళ్లిపోతాడు. అడిగితే "రీడింగు" అంటాడు. భూకంపాల యంత్రమని కొందరు, నేలలో ఉప్పు ఎంత ఎక్కిందో కొలుస్తున్నారని కొందరు అంటున్నారు. పక్కింటివారు ఆ వంపు గొట్టానికే గేదెను కట్టేస్తున్నారు. ఇంతకూ అవేమిటి? అదే వరుసలో మా కొబ్బరితోటలో ఖాళీగా వదిలిన బాటలో మొక్కలు వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు చెప్పిన గుర్తులన్నీ భూమిలో పోతున్న గ్యాస్ పైపులైనుకు సరిపోతున్నాయి. దగ్గరలో పైపులైను హెచ్చరిక బోర్డు కూడా ఉంటే ఇక సందేహం అక్కరలేదు.

రోడ్డు దాటే చోట పైన పోయే లారీల బరువు పడకుండా, అసలు పైపును కొన్నిచోట్ల ఇంకా లావైన మరో పైపులో దూర్చి వేస్తారు. ఈ పై తొడుగుకు, లోపలి పైపుకు మధ్య ఉన్న సందులోకి ఎప్పుడైనా గ్యాస్ కారితే అది అక్కడే పేరుకుపోకుండా గాలిలోకి వెళ్లిపోవడానికి తొడుగు రెండు చివరలా నిలబెట్టినవే మీ వంపు గొట్టాలు. వాన నీరు పడకుండా పైభాగాన్ని వంచుతారు, పురుగులూ పిట్టలూ దూరకుండా జాలీ పెడతారు. అంటే అవి మామూలుగా ఏ చప్పుడూ లేకుండా ఊరికే నిలబడి ఉండవలసినవే.

తాళం పెట్టె సంగతి ఇంకా ఆసక్తికరమైనది. తడినేలలో ఇనుము తుప్పు పడుతుందని కాలువగట్టున కాపురమున్న మీకు చెప్పనక్కరలేదు. పైపుకు పూత ఉన్నా, ఎక్కడో ఒకచోట గీత పడితే తుప్పు అక్కడే మొదలవుతుంది. పైగా ఏడాది పొడవునా చెమ్మగా ఉండి, సముద్రం వైపు ఉప్పు తగిలే మన డెల్టా నేలలో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది కాబట్టి ఆ తినివేత కూడా చురుకుగానే సాగుతుంది. దానిని ఆపడానికి మెగ్నీషియం, జింకు వంటి లోహపు దిమ్మెలను పాతి పైపుకు తీగతో కలుపుతారు. అప్పుడు పైపుకు బదులు ఆ దిమ్మెలు కరుగుతాయి. పొడవైన లైన్లకైతే పాతిపెట్టిన కడ్డీల గుండా నేలలోకి కొద్దిపాటి డీసీ కరెంటును పంపుతారు. ఈ పద్ధతినే కేథోడిక్ రక్షణ అంటారు.

అది పని చేస్తున్నదో లేదో పైపును తవ్వకుండా తెలుసుకోవడానికి, పైపుకు అతికిన తీగను పైకి తెచ్చి ఆ పెట్టెలో ఉంచుతారు. మీటరు తీగ ఒకటి దానికి, రెండోది నేలకు ఆనించిన గొట్టానికి తగిలిస్తారు. ఆ గొట్టంలోని నీలం నీళ్లు మీకు కొత్తవి కావు. కొబ్బరి మొవ్వు కుళ్లుకు వాడే బోర్డో మిశ్రమంలో సున్నంతో పాటు కలిపే మైలుతుత్తమే అది. ఆ ద్రావణంలో ఒక రాగి కడ్డీ ఉంటుంది. మీటరు మైనస్ 0.85 వోల్టు గాని, అంతకన్నా రుణాత్మకంగా గాని చూపిస్తే రక్షణ అందుతున్నట్టు లెక్క. ఆయన చెప్పే "రీడింగు" ఇదే. ఉప్పు నేలలో తుప్పు చురుకుగా సాగుతుంది కనుక నేలలో ఉప్పును కొలుస్తున్నారన్నవారు పూర్తిగా తప్పు కాదు గాని, మీటరు కొలిచేది ఉప్పును కాదు, పైపుకూ నేలకూ మధ్య వోల్టేజిని.

అయితే ఈ పెట్టె చెప్పేది పైపు బయటి వైపు సంగతి మాత్రమే. 2014 జూన్ 27న మీకు దగ్గరలోనే నగరం గ్రామంలో గ్యాస్ లైను పగిలి మంటలు లేచి, ఇరవైమందికి పైగా చనిపోయిన ఘటన మీరు మరచిపోయి ఉండరు. గ్యాస్‌తో పాటు వచ్చిన నీటి తేమ వల్ల పైపు లోపలి నుంచి తుప్పు పట్టడమే అక్కడ కారణంగా తేలింది. దానిని పట్టుకోవాలంటే 'పిగ్' అనే పరికరాన్ని పైపు లోపల నడిపించి గోడ మందం చూడవలసిందే. నేల మీది రీడింగు చాలదు.

ఇక మీ తోటలోని బాట. 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం ప్రకారం అక్కడి నేలకు సొంతదారు మీరే, దాన్ని పైపు కోసం వాడుకునే హక్కు మాత్రమే పైపులైను సంస్థది. కానీ ఆ బాటలో కట్టడం కట్టకూడదు, చెరువు గాని బావి గాని తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కాబట్టి కొబ్బరి మొక్కలు కుదరవు, రొయ్యల చెరువు ఆలోచన అసలే వద్దు. వరి, అపరాలు, కూరగాయలు వేసుకోవచ్చు.

మీ పక్కింటివారితో గేదెను ఈ రోజే అక్కడి నుంచి విప్పించండి. అది మెడ విదిల్చి లాగితే గొట్టం వంగిపోవచ్చు. సహజవాయువుకు తనకంటూ వాసన లేదు. వంటింటి గ్యాస్‌లో వచ్చే వాసన తరువాత కలిపినది. అందువల్ల వాసన కోసం ఎదురుచూడకుండా, ఆ గొట్టం నుంచి బుస్సుమనే చప్పుడు వచ్చినా, చుట్టూ గడ్డి కారణం లేకుండా ఎండినా, నిలిచిన నీటిలో బుడగలు లేచినా, అక్కడ మోటారు సైకిలు స్టార్టు చేయకుండా, బీడీ వెలిగించకుండా దూరంగా నడిచి వెళ్లి, హెచ్చరిక బోర్డు మీది నంబరుకు గాని 112కు గాని ఫోన్ చేయండి. ఆ బోర్డు మీది అంకెలు ఎండకు వెలిసిపోకముందే ఇంట్లో గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.