స్కిమ్మర్ కప్పు ఒకరోజు ఖాళీ, ఒకరోజు పొంగు: సమాధానం

మీ ఉప్పునీటి అక్వేరియంలోని కొత్త స్కిమ్మర్ (బుడగల నురుగుతో నీటిలోని మలినాలను తీసే పరికరం) పైన ఆ మలినాలు చేరే కప్పు ఒకరోజు ఖాళీగా ఉండి, మరుసటి రోజు పల్చని నీళ్లతో పొంగిపోతోందని మీరు రాశారు. లోపం స్కిమ్మర్‌లో కాక, దానిని సంప్‌లో (అక్వేరియం కింద అరలుగా ఉండే తొట్టిలో) నీటిని తిరిగి పైకి పంపే రిటర్న్ పంపు ఉన్న అరలోనే పెట్టడంలో ఉన్నట్టుంది. ఆవిరైన నీటి లోటంతా ఆ అరలోనే కనబడుతుంది కనుక, మట్టం తగ్గినప్పుడు నురుగు కిందికి దిగిపోతుంది, మీరు ఆర్‌ఓ నీళ్లు పోయగానే పైకెగసి కప్పును నింపేస్తుంది.

1. అడ్డుపలక వల్ల నీటి మట్టం మారకుండా ఉండే అరలోకి స్కిమ్మర్‌ను మార్చండి.

2. చాలామంది వదిలేసే పని ఇదే: ఆ అరలో నీటి లోతును స్కేలుతో కొలిచి, తయారీదారు సూచించిన లోతుతో పోల్చండి. ఉదాహరణకు నీరు 25 సెం.మీ. ఉండి, స్కిమ్మర్‌కు 20 సెం.మీ. చాలనుకుంటే, దాని కింద 5 సెం.మీ. ఎత్తున్న ప్లాస్టిక్ పీట ఉంచాలి. మట్టం కుదరకుండా, నురుగు ఎత్తును మార్చే వాల్వు తిప్పుతూ కూర్చోవడం వృథా శ్రమ.

3. లోపలి గోడలకు సన్నని జిగురు పొర పట్టేవరకు, అంటే సుమారు ఒకటి రెండు వారాలు, నురుగును తక్కువ ఎత్తులోనే ఉంచండి.

4. ఆ తరువాత వాల్వును కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతి మార్పుకూ ఒక రోజు ఆగండి. బుడగలు కప్పు కిందనున్న సన్నని మెడ మొదట్లో నిలిచి, కప్పులో ముదురు టీ రంగు ద్రవం చేరుతుంటే ఇక కదపవద్దు.